పియానో ట్యూనరుని శ్రమ – మన విధి

వీణ వాయించువాడు తన వీణను తానే శ్రుతి చేసికొనును. ఫిడేలు వాయించువాడు కచేరికి ముందు బిరడలు త్రిప్పి తంత్రులను సరిచేసికొనును. పియానో వాయించువానికి మాత్ర మీ స్వాతంత్ర్యము లేదు. అతడెంతటి విద్వాంసుడైనను, వాద్యము శ్రుతి తప్పినప్పుడు సాధారణముగా మఱియొకని రాకకై కనిపెట్టుకొని యుండవలసినదే. ఆ మఱియొకడే పియానో ట్యూనరు. మన ప్రాంతములలో అట్టివారు అరుదగుటచే పలుమారు చెన్నపట్టణమువంటి దూరనగరమునుండి పిలిపింపవలసి వచ్చును. అతడు వచ్చి, పని ముగించి, రుసుము చెప్పగనే “రెండు గంటల పనికి ఇంత సొమ్మా?” యని గొణుగువారిని మేము చూచియున్నాము. ఆ మాట న్యాయము కాదనియు, అతని కష్టములలో పెక్కింటికి మన యజాగ్రత్తయే కారణమనియు మాయభిప్రాయము.

మొదట నా పని యెట్టిదో తెలిసికొందము. పియానోకు 88 మెట్లు గలవు. తంత్రులు మాత్రము సుమారు 230. ఎక్కువ మెట్లకు మూడేసి తంత్రులును, మంద్రస్థాయిలో రెండేసియు, మిక్కిలి దిగువను ఒక్కొక్కటియు నుండును. వీని బిగువు నంతయు కూడినచో సుమారు 18 టన్నులగును. ఆ భారమును లోపలి పోత యినుపచట్రము మోయుచున్నది. తంత్రుల వెనుక నున్న పలుచని కొయ్యపలకయే నాదమును పెద్దది చేయునది. వానకాలమున నా పలక తేమను పీల్చి ఉబ్బును. తంత్రులు బిగిసి శ్రుతి హెచ్చును. ఎండకాలమున నది యారి క్రుంగును, శ్రుతి తగ్గును. కావున నెవ్వరును ముట్టకున్నను పియానో శ్రుతి తప్పుచునే యుండును. “పోయిన సంవత్సరమే చేయించితిమి గదా” యని ట్యూనరుని నిందించుట, ఋతువులు మాఱినందులకు వానిని నిందించుటయే.

అతని ముఖ్యసాధనము చెవి. సెకనుకు 440 కంపనములు గల తంత్రియు, 442 గల తంత్రియు కలిసి మ్రోగినచో నాదము సెకనుకు రెండు మార్లు అలవలె లేచి పడును. ఆ యలలను విని, లెక్కించి, బిరడను వెండ్రుకవాసి త్రిప్పి, మఱల వినవలెను. ఇట్లు రెండువందలకు పైగా బిరడలను సరిచేయవలెను. ఈ కాలమున శ్రుతిని చూపు యంత్రములు చేతిఫోనులలోనే దొరకుచున్నవి గాని, బిరడను త్రిప్పి, అది మరల సడలకుండ నిలుపు నేర్పు చేతికే రావలెను. ఇంత సూక్ష్మమైన పనికి నిశ్శబ్దము ప్రాణము. మనమో యాతనిని కూర్చుండబెట్టి, ఒకప్రక్క బల్లలు జరుపుదుము. మఱియొకప్రక్క పిల్లలు ఎక్కములు వల్లింతురు. తలపై తిరుగు పంకా గాలివలన నాదము వణకును. దాని నాపినచో చెమటతో పిడి జారును. ఈ రెండు కష్టములలో నొకదానిని అతడు ప్రతిదినమును ఎంచుకొనవలసినదే.

ఇక ప్రయాణము. చెన్నపట్టణమునుండి విజయవాడకు రైలుమార్గమున 400 కిలోమీటర్లకు పైగా గలదు. అచ్చటనుండి పల్లెలోని పాఠశాలకు బస్సు, ఆపైన ఆటో. చేతిసంచిలో బిరడలు త్రిప్పు పిడి, తంత్రులను మూయు రబ్బరు చీలలు, పట్టకార్లు, ఉన్ని నమదా, జిగురు, పలు లావుల ఉక్కుతీగెలు. ఎంత మోసినను అన్నియు మోయలేడు. మంద్రస్థాయి తంత్రులకు రాగితీగె చుట్టబడియుండును; అవి యా యా పియానో కొలతలకు తగినట్లు చేయింపవలసినవి. ఒకటి తెగినచో కొలత తీసికొని పోయి మఱల రావలసినదే.

అన్నింటికంటె కష్టమైనది, వాద్యమును చూడకయే బయలుదేరుట. “కొంచెము శ్రుతి తప్పినది” అని మనము ఫోనులో చెప్పుదుము. అతడు వచ్చి మూత తెఱచునప్పటికి లోపల ఎలుకగూడు, పురుగు తిన్న ఉన్ని, త్రుప్పుపట్టిన తంత్రులు, ఉబ్బి కదలని మెట్లు! ఏండ్లతరబడి సడలిన తంత్రులను ఒక్కసారి సరిచేయుట సాధ్యము గాదు. ఒకవైపు బిగించుచుండగా మఱియొకవైపు సడలును. కావున మొదట ముతకగా బిగించి, పిదప మొదటినుండి సన్నముగా శ్రుతి చేయవలెను. ఆ బిగింపులో త్రుప్పుపట్టిన తీగె తెగినచో “మీరు వచ్చిన పిదపనే తెగినది” యందుము. రేపు క్రిస్మసు పండుగ. సాయంకాలము అతని రైలు. ఈ స్థితి నెవరు కల్పించిరి?

ఈ వృత్తి గౌరవింపదగినది. 19వ శతాబ్దమున పారిసు నగరమున క్లోదు మోంతాలు అను అంధుడు ఈ పనిని స్వయముగా నేర్చి, 1836లో పియానో శ్రుతి చేయు విధమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1872లో లండనులో స్థాపింపబడిన అంధుల కళాశాలలోను ఈ విద్య నేర్పిరి. కన్నులు లేనివారు వీథివీథి తిరిగి, పరుల యిండ్లలో వేలకొలది భాగములు గల యంత్రమును చేతితోను చెవితోను సరిచేసి గౌరవముగా జీవించిరి. ఇట్టి విద్యకు గంటల లెక్కను కూలి కట్టవచ్చునా? మన మిచ్చు రుసుము రెండు గంటలకు గాదు. రాకపోకల దినములకును, సంచిలోని పనిముట్లకును, ఆ చెవిని సిద్ధపఱచిన సంవత్సరములకును.

కావున మేము చెప్పునది యిది. ఒక జిల్లాలో పియానోలున్న పాఠశాలలును, సంఘములును, గృహస్థులును కలిసి సంవత్సరమునకు రెండు మార్లు ఒకే వారమున ట్యూనరుని పిలువవలెను. దారిఖర్చు పంచుకొన్నచో ఒక్కొక్కరికి భారము తగ్గును. అతనికిని నిండుగా పని దొరకును. పిలుచుటకు ముందు మూత తెఱచి లోపలి స్థితిని ఛాయాచిత్రములు తీసి పంపవలెను. పియానోను కిటికీకడ నుంచరాదు. దానిపై పూలకుండీలు పెట్టరాదు. ఒక చిన్న పుస్తకములో ఏ తేదీని ఏ పని జరిగినదో వ్రాయించి లోపల నుంచవలెను. పనివేళ గదికి తాళము, బడికి నిశ్శబ్దము, అతనికి భోజనము ఏర్పఱుపవలెను.

“ఇంత శ్రమ యేల? విద్యుత్ కీబోర్డు కొన్నచో శ్రుతి చేయనక్కరలేదు గదా” యని కొందఱందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. పియానోను పోషింపలేని పాఠశాల దానిని పోషింపగలవారి కిచ్చి కీబోర్డు కొనుటయే మేలు. మూలను పెట్టి ఎలుకల కప్పగించుట మాత్రము మేలుగాదు. ఉంచుకొందుమన్నచో పోషింపవలెను. మధ్యమార్గము లేదు.

విద్యార్థులారా, మీలో చక్కని చెవియు నిలుకడగల చేయియు గలవా రుందురు. పెద్ద ఉద్యోగములే ఉద్యోగములని తలంపక, ఈ విద్యను కూడ తలంపునకు తెచ్చుకొనుడు. తల్లిదండ్రులారా, అట్టి బిడ్డను వెనుకకు లాగకుడు. ఈ జిల్లాలో నొక్కరు నేర్చినను, దూరనగరమునుండి రైలుకై కనిపెట్టు పని మన వాద్యములకు తప్పును. అంతవఱకు దూరమునుండి వచ్చువానికి తగిన రుసుమును, తగిన మర్యాదను, రెండు గంటల నిశ్శబ్దమును ఇయ్యవలసిన భారము మనదే.