ఎవరి పని పనిగా లెక్క?

"ఫ్యాక్టరీ వద్దంటే మాకు కొలువులెట్లొస్తయక్కా?"

2025 జూన్‌లో వనపర్తిలో మా ఇంట్లో, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మా తమ్ముడు అడిగాడు. టీవీలో పెద్దధన్వాడ. గద్వాల జిల్లా రాజోలి మండలంలోని ఆ ఊళ్ళో ఇథనాల్ ఫ్యాక్టరీ పనుల్ని అడ్డుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఆడా మగా, కదిలారు. గొడవ జరిగింది. కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు.

తమ్ముడి ప్రశ్నను కొట్టిపారెయ్యలేను. 'పాలమూరు లేబర్' అనే పేరు మోసిన నేల మాది. ఉన్న ఊళ్ళో నెల జీతం దొరకడం చిన్న విషయం కాదు.

కానీ పక్కనే కూర్చున్న అమ్మ పనిని ఏమనాలి? ఏళ్ళ తరబడి ఆమె గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్‌కి పోయింది. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు తీసెయ్యడం, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దడం. ఒక్కో పువ్వూ చేత్తోనే. మన చదువుకి ఫీజు కట్టింది ఆ కూలే. అది మాత్రం ఎవరి లెక్కలోనూ 'ఉద్యోగం' కాదు!

అసలు మోసం ఇక్కడే ఉంది. తక్కెడలో ఒకవైపు ఉద్యోగాలు, రెండోవైపు పర్యావరణం అంటారు. తుంగభద్ర నీళ్ళు చూసి ఆనందించే ప్రకృతి దృశ్యమా? ఆ నీటి మీద బతికే ఆడవాళ్ళకి అదే పనిచోటు. నీరు చెడితే పోయేది కూడా ఉద్యోగమే. కాకపోతే దానికి అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు.

ఈ మాట చెప్పుకోవడానికి ఉన్న చోటు ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో అది ఒక మెట్టు. 2021 జూన్‌లో కేంద్రం, పెట్రోలులో కలపడానికి ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ప్రాజెక్టులకు, వ్యర్థజలం బయటికి వదలకూడదనే షరతు పెట్టి, ఆ మెట్టు తీసేసింది. వినకుండానే తూకం ఎలా వేస్తారు?

వినిపించినప్పుడు నిర్ణయాలు మారతాయి. పక్కనే నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో యురేనియం అన్వేషణపై చెంచులతో పాటు ఎందరో గొంతెత్తాకే, 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. అడవిలో దుంపలు తవ్వుకొచ్చే చెంచు స్త్రీ శ్రమకు ఉపాధి లెక్కల్లో గడి ఇప్పటికీ లేదు.

చేలో పని బంగారమని నేననను. మందు కొట్టిన చేలో దిగిన చేతులూ, క్రాసింగ్ కోసం బడి మానిన ఆడపిల్లలూ నాకు తెలుసు. నియంత్రణ అక్కడా కావాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయే చట్టం నాకు చాలదు.

నేనడిగేది ఇది. ప్రజాభిప్రాయ సేకరణ ఏ పరిశ్రమకూ మినహాయించకూడదు. ప్రతి ప్రాజెక్టు నివేదికలో వచ్చే ఉద్యోగాల పక్కనే పోయే పనులూ రాయాలి, ఆడవాళ్ళవి విడిగా. స్థానికులకు ఎన్ని, ఎంత జీతంతో ఇస్తారో కాగితం మీద పెట్టాలి.

తమ్ముడి కొలువు కోసం నేనూ కొట్లాడతాను. అమ్మ పనిని లెక్కలోంచి కొట్టేసి మాత్రం కాదు.