ఇళ్ల నడుమ ఒక దీవి

దీవులకు వెళ్లి, పడవలో గంటలకొద్దీ కాచుకొని తిమింగలాలను చూచే వారున్నారు. మాకంత స్తోమత లేదు. అందుకే వనస్థలిపురం చేరువనున్న మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లాము. ఒకప్పుడు నిజాము వేటస్థలం. 1975 నుండి కృష్ణజింకలకు ఆశ్రయం. నేడు ఇళ్ల నడుమ సుమారు 3,600 ఎకరాల దీవిలా మిగిలింది.

మెల్లగా నడుస్తారని అమ్మగారిని ఇంట్లోనే ఉంచి వెళ్దామనుకున్నాము, పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్లు కేకలతో పరుగెత్తినంతసేపూ ఒక్క జింకా కనబడలేదు. కాళ్లనొప్పితో అమ్మగారు చెట్టు క్రింద కూర్చుంటే అందరమూ ఆగవలసి వచ్చింది. మాటలు సద్దుమణిగాక, మెలితిరిగిన కొమ్ముల మగజింకతో మంద బయటికి వచ్చింది. మొదట చూచింది అమ్మగారే!

ఈ సెలవులకు మీ ఇంటి పెద్దలను వదిలి వెళ్లకండి. వారికోసం ఆగిన చోటే మేము చూడవచ్చినది చూచాము.