చుక్క పెట్టడానికి కూడా బద్ధకమేనా?



మొన్న రాత్రి మా హాస్టల్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "స్కాలర్‌షిప్ పడింది". అంతే. పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా ఐదుగురం షేర్ ఆటో ఎక్కి ఏటీఎంకి పోయాం. మనిషికి పోను ఇరవై, రాను ఇరవై. బ్యాలెన్స్ చూస్తే పాతదే! ఆ తమ్ముడిని పట్టుకుంటే "నేను అడిగానన్నా, పడిందా అని" అంటాడు. ప్రశ్న గుర్తు వాడి గొంతులో ఉంది, ఫోన్‌లో లేదు.

ఒత్తులు తప్పు రాస్తే నాకు కోపం రాదు. ఇంట్లో కోయ మాట్లాడి, బడికొచ్చాక తెలుగు నేర్చుకున్నవాళ్ళం. ద, ధ దగ్గర నాకు ఇప్పటికీ డౌటే. కానీ చుక్క పెట్టకపోవడం రాక కాదు, బద్ధకం. పైగా "హాయ్ అన్నా.........." అని అక్కర్లేని చోట పది పెడతారు.

ఒక సీనియర్ అన్న "తాళపత్రాల్లో కామాలు ఉన్నాయా, తెలుగు బతకలేదా" అన్నాడు. నిజమే, ఇవి అచ్చు పుస్తకాలతో ఇంగ్లీషు నుంచి వచ్చినవే. కానీ పద్యమైతే ఎక్కడ ఆగాలో దాని నడకే చెప్తుంది. మన దరఖాస్తు పద్యం కాదు కదా అన్నా.

2021 చివర్లో పోడు దరఖాస్తులు పెట్టేటప్పుడు నేను పదో తరగతి. మా పెద్దనాన్నది నేనే రాశా. భూమి 2.20 అని వేశా. మనకి అలవాటే, చుక్కకి ముందు ఎకరాలు, తర్వాత గుంటలు. పక్కనే ఉన్న చింతూరు మామ చూసి "రెండెకరాల ఇరవై సెంట్లా?" అన్నాడు. వాళ్ళది ఆంధ్ర, అక్కడ ఎకరానికి 100 సెంట్లు. మనకేమో 40 గుంటలు. కూర్చుని లెక్కేశా. గుంటలైతే రెండున్నర ఎకరాలు. సెంట్లయితే రెండెకరాల ఎనిమిది గుంటలే. అదే చుక్క, 12 గుంటల తేడా. చుక్క సరిగ్గా పడకపోతే 220! నాకు చెమటలు పట్టాయి. కాగితం మార్చి "2 ఎకరాల 20 గుంటలు" అని విడమరిచి రాశా. పెద్దనాన్నకి చదువు రాదు. నేనేం రాశానో అడగను కూడా అడగలేదు, వేలిముద్ర వేసేశాడు.

ఊళ్ళో కాగితాలు ఇప్పటికీ మన చేతే రాయిస్తారు. ఈ మధ్య ఒక పిటిషన్ చూశా. మొదలే ఇలా ఉంది: "బోరు బాగానే ఉంది మీరే వాడుకోవట్లేదు అన్నారు మూడు నెలల నుంచి నీళ్ళు లేవు". కొటేషన్ లేదు, ఫుల్‌స్టాప్ లేదు. పని తొందరలో ఉన్న సారు మొదటి మూడు మాటలు చదివితే ఏమనుకుంటాడు? బోరు బాగానే ఉందని ఊరే ఒప్పుకున్నట్టు. ఆ సారుని తిట్టుకుని లాభం లేదు, రాసింది మనమే. నేను వాక్యాలు విడగొట్టి మళ్ళీ రాసిచ్చా, పది నిమిషాల పని.

ఆటో డబ్బులు ఇస్తానని ఆ తమ్ముడు నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. "రేపు ఇస్తా?" అని. ఈసారి గుర్తు మర్చిపోలేదు.