డబ్బాటకు తాళం పడింది సరే, మిగిలిన ఆటల్లో మన ఊసేది?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసిన కొద్ది రోజులకే మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఒక తండ్రి లేచి, "ఇంక గేములన్నీ బందే కదా అయ్యోరూ! ఆ మాటేదో బోర్డు మీద రాసిపెట్టండి. మావోడు మా మాట వినడు" అన్నారు. హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం బడి మాది. ఆయన కొడుకు ఎనిమిదో తరగతి. వాడు ఆడేది రమ్మీ కాదు, ఫోనులో కోట కట్టుకుని పక్కవాడి కోట మీదికి దండెత్తే ఆట. చట్టంలో ఏముందో చదివి చెబుతామని అప్పటికి మాటిచ్చాం. చదివాక తేలిందేమిటంటే, ఆయన ప్రశ్నకు చట్టంలో సగమే జవాబుంది.

ఆ సగం ముందు చెబుతాం. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. పందెం కాసి, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఆటలను నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి ప్రకటనలు ఇచ్చినా రెండేళ్ల దాకా జైలుంది. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు. ఇన్నాళ్లూ రమ్మీ కంపెనీలు 'మాది అదృష్టం కాదు, నైపుణ్యం' అంటూ తప్పించుకునేవి. ఆ వాదనకు మూలం ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసు. రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని 1967లో సుప్రీంకోర్టు అన్నది ఆ కేసులోనే. కొత్త చట్టం ఆ తేడానే పక్కన పెట్టేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా పందెం పందెమే. ఇక ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఆటలను చట్టం నిషేధించలేదు సరికదా, ప్రోత్సహిస్తామంటోంది. అంటే ఆ తండ్రి కోరిన బోర్డు మేం రాయలేం.

అలాగని ఆయన బెంగ ఉత్తదేమీ కాదు. వాళ్ల అబ్బాయి ఆడుతున్నది క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఫిన్లాండు కంపెనీ సూపర్‌సెల్ 2012లో తెచ్చిన ఆట. కోటలో పెద్ద భవనం ఒకటి పై స్థాయికి వెళ్లాలంటే నిజంగానే రోజుల తరబడి ఆగాలి. ఆగలేనివాడు రత్నాలు కొనుక్కోవాలి, రత్నాలకు నిజమైన రూపాయలు కావాలి. గెలిచినా తిరిగి డబ్బు రాదు కాబట్టి ఇది చట్టం చెప్పే డబ్బాట కిందికి రాదు. పిల్లవాడి ఓపిక అయిపోయే చోట అంగడి తెరవడం మాత్రం నిజం. పాత వ్యూహాల ఆటల్లో ఈ బేరం లేదు. ఒకసారి కొంటే అయిపోయింది. ఆలస్యం చేస్తే ఓడిపోతాం, అంతే. మా బడి తల్లిదండ్రులకు మేం చెప్పే గుర్తు ఒక్కటే: ఆట మధ్యలో డబ్బు అడుగుతోందా లేదా చూడండి, పేరు చూడకండి.

ఇంతకీ వ్యూహాల ఆట అంటే? రచ్చబండ మీద గీసిన పులి-మేక తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఇటు మూడు పులులు, అటు పదిహేను మేకలు. బలాలు సమానం కావు, ఆట మాత్రం సమానం. మేకలవాడు ఒక్కో మేకను ఎక్కడ పెడుతున్నాడో, ఎందుకు పెడుతున్నాడో తెలిసి పెడితే పులులకు కదలడానికి చోటుండదు. తమిళులు దీన్నే ఆడు పులి ఆట్టం అంటారు, కన్నడిగులకూ ఉంది. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం కూడా ఈ బుద్ధితోనే నడుస్తుంది. ఉన్న కొద్దిమంది పనివాళ్లలో ఎందరిని పొలానికి పంపాలి, ఎందరిని కట్టెలకు, ఎందరిని బంగారానికి? సైన్యం ముందా, గోడ ముందా? పాతికేళ్లు దాటినా దానికి ఇంకా కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి.

మాకు అసలు పట్టింపు ఇక్కడే మొదలైంది. ఈ ఆటల్లో చరిత్ర ఉంటుంది. పిల్లలు దాన్ని పాఠంలా చదవరు, బతుకుతారు. మేం పది పీరియడ్లు చెప్పినా నిలవని రాజుల పేర్లు రెండు సాయంత్రాల్లో వాళ్ల నాలుక మీదికి వస్తున్నాయి. మరి ఏ చరిత్ర వస్తోంది?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగంలో 2013లో భారతీయులందరినీ కలిపి ఒకే జాతిగా చేర్చారు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా పేరుతో దాన్ని విడదీసి బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు, హిందుస్తానీలు అన్నారు. అందులో ద్రావిడులంటే మనమూ ఉన్నట్టే లెక్క. కానీ ఆ ద్రావిడులు మాట్లాడేది తమిళం, వాళ్ల కథ రాజేంద్ర చోళుడిది. సివిలైజేషన్ ఏడో భాగం 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో మౌర్యులున్నారు, చోళులున్నారు, మొగలులున్నారు. అదే ఏడాది నవంబరులో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నాలుగో భాగానికి తుగ్లక్ వంశాన్ని చేర్చారు. 1323లో ఓరుగల్లును పట్టుకున్నది తుగ్లక్ సేనే. పట్టుకున్నవాడి తరఫున ఆడొచ్చు, పట్టుబడిన కాకతీయుల తరఫున ఆడటానికి లేదు.

దీన్ని మేం ఫిర్యాదుగా చెప్పడం లేదు. చోళుల మీద మాకు ఈర్ష్య లేదు. మా పిల్లల సాంఘిక శాస్త్రం పుస్తకం తమిళనాడు ప్రభుత్వానిది. అందులో చోళులకు పెద్దపీట ఉంటుంది, ఉండాలి కూడా. చిక్కేమిటంటే బడి పుస్తకమూ ఆటా రెండూ ఒకే మాట చెబుతుంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తనవాళ్లు చరిత్రలో ఎక్కడా లేరనుకుంటాడు. నిజానికి ఆ చోళుల కథలోనే వాడి చుట్టాలున్నారు. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ వేంగి రాజు విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. ఆయన పెళ్లాడింది రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల బిడ్డ 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనమే ఎక్కాడు. ఈ వంశవృక్షం బోర్డు మీద గీసిన రోజు మా తొమ్మిదో తరగతిలో ఒక తమిళ మిత్రుడి ఫోనులో ఆడి వచ్చిన పిల్ల, "అయితే సార్, రాజేంద్రుడు నన్నయకు రాజుగారి మామా?" అంది. మార్కుల కోసం అడిగిన ప్రశ్న కాదది.

ఇంకో ముచ్చట. ఆ ద్రావిడుల జాతికి ఆటలో ప్రత్యేకంగా ఇచ్చిన విద్య పేరు వూట్జ్ స్టీల్. అది నేర్చిన సైనికుడి కత్తికి ఎదుటివాడి కవచం అడ్డురాదు. వూట్జ్ అన్నది ఏ యూరప్ మాటో అనుకున్నారు పిల్లలు. అది మన 'ఉక్కు'. కన్నడంలోనూ ఉక్కే. ఇంగ్లీషువాళ్ల రాతలో, నోట్లో పడి వూట్జ్ అయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆటలో తెలుగు మాట ఒకటి ఉంది, వేషం మార్చుకుని.

తప్పులూ ఉన్నాయి, అవీ పాఠమే. ఆ ఆటలో ఏ జాతివాళ్లయినా 'చీకటి యుగం'లో మొదలై 'ఫ్యూడల్ యుగం'లోకి నడవాలి. అది యూరప్ చరిత్రకు కుట్టిన చొక్కా. చోళుడికీ అదే తొడిగారు. సివిలైజేషన్‌లో గాంధీ అణుబాంబులు వేస్తాడని, అందుకు పాత ఆటలోని లెక్క తప్పు కారణమని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి తప్పు లేనేలేదని ఆట సృష్టికర్త సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో రాశాడు. విన్నదల్లా చరిత్ర కాదని చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

గంజాం, బరంపురం వైపున్న మా తోటి ఉపాధ్యాయులకు మాకంటే మంచి అవకాశం ఉంది. కొత్త సివిలైజేషన్‌లో అశోకుణ్ణి రెండు రూపాల్లో పెట్టారు. ఒకటి లోకాన్ని గెలిచేవాడు, రెండోది వదులుకునేవాడు. గంజాం జిల్లాలోనే జౌగడలో అశోకుడి శిలాశాసనం ఉంది. కళింగ యుద్ధానికి చింతించిన పదమూడో శాసనం అక్కడ చెక్కలేదు, ధౌలిలోనూ చెక్కలేదు. వాటికి బదులు అధికారులు ప్రజలతో ఎలా మెలగాలో చెప్పే రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. పదమూడోది మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. ఓడిన గడ్డ మీద మాత్రం ఆ పశ్చాత్తాపం ఎందుకు రాయించలేదు? ఆటలోని రెండు రూపాల మధ్య దాగి ఉన్న ఈ ప్రశ్నను ఆ శిల దగ్గరికే పిల్లల్ని తీసుకెళ్లి అడగొచ్చు. రాయచూరు జిల్లావారికి అశోకుడి పేరు కనిపించే మస్కి శాసనం ఉండనే ఉంది.

ఇక భాష సంగతి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం సరికొత్త కూర్పును హిందీలో ఆడొచ్చు. వియత్నామీస్‌లో, మలయ్‌లో కూడా ఆడొచ్చు. తెలుగు లేదు, తమిళం లేదు, కన్నడం లేదు. ద్రావిడ సైనికుడు తమిళంలో జవాబిస్తాడు గానీ తెర మీద తమిళం ఉండదు! మన లిపి కష్టమన్న సాకు ఒకటి వినిపిస్తుంది. కొంత నిజమే. చాలా ఆటల్లో తెర మీద ఒక గుర్తు పక్కన ఒక గుర్తు పేర్చుకుంటూ పోతారు, ఒత్తులు కిందికి దిగాలంటే అది చాలదు. కానీ హిందీకీ సంయుక్తాక్షరాలున్నాయి. దేవనాగరిని కుదుర్చుకున్న ఆటకు తెలుగు కుదరదనడం మాకు నమ్మబుద్ధి కాదు. కొనేవాళ్లు అడగలేదు, అమ్మేవాళ్లు ఇవ్వలేదు. అసలు సంగతి అంతే అనిపిస్తుంది.

అందరికీ ఈ ఆటలు అందవు కూడా. కొత్త సివిలైజేషన్ మా బడి కంప్యూటరు మీద లేవనైనా లేవదు. మా దారి వేరే దొరికింది. సివిలైజేషన్ అయిదో భాగాన్ని పోలిన యూన్‌సివ్ అనే ఆట సాధారణ ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితంగా ఆడొచ్చు. ప్రకటనలు లేవు, రత్నాల అంగడి లేదు. దాన్ని రాసినవాళ్లు ప్రోగ్రామునంతా బయట పెట్టారు. అనువాదాల ఫైలులో ఒక పక్క ఇంగ్లీషు మాట, సమానం గుర్తు, రెండో పక్క మన మాట. ఏ భాషవారైనా పూరించి పంపవచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను పోలిన జీరో ఏ.డి. కూడా ఇలా స్వచ్ఛందంగా నడిచేదే, అందులో మౌర్యులూ ఉన్నారు.

తెర మీద ఒత్తులు కుదిరేది తర్వాతి మాట, ముందు మాటలు పోగేద్దామని శుక్రవారం చివరి పీరియడు దీనికి కేటాయించాం. నోటుపుస్తకంలో రెండు గడులు గీసుకుని మొదలుపెట్టారు. స్కౌట్‌కు 'వేగు' అని ఒకడు వెంటనే అన్నాడు, వాళ్ల తాత చెప్పాడట. సీజ్‌కు 'ముట్టడి'. గ్రానరీ దగ్గర గొడవయింది. ఒకరు గాదె అన్నారు, ఒకరు గరిసె అన్నారు, రాగులు దాచేది పాతరలో కదా అని మూడోవాడు. మూడూ రాసుకున్నారు. ఏది ఉంచాలో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వస్తామన్నారు.

ఆ ఆటలో అందరికంటే ముందు చేతికి వచ్చేది సెట్లర్. కొత్త చోట ఊరు కట్టేవాడు. 'వలస వచ్చినవాడు' అని రాశాడు మన క్లాష్ ఆఫ్ క్లాన్స్ పిల్లవాడు. పక్క బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు. "మమ్మల్నీ అట్లే అంటారు సార్. మా అవ్వ చెబుతుంది, మనం యాడికీ రాలేదు, గీత మనల్ని దాటుకుని పోయిందని." 1956లో రాష్ట్రాలు గీసినప్పుడు హోసూరు మద్రాసు వైపే ఉండిపోయిన సంగతి ఆ అవ్వకు బాగా తెలుసు. పిల్లలు ఇంకా నాలుగైదు మాటలు చెప్పారు, కొట్టేశారు. ఆ గడి ఖాళీగానే ఉంది. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం బడుల్లో ఎవరికైనా మంచి మాట తడితే ఈ పేజీకి రాయండి.