చక్రం మారితే నట్టు కూడా మారాలి

పోయిన ఆదివారం కమిటీ కూటంలో మా మాట సగంలోనే ఆగిపోయింది, భోజనానికి ఆకులు వేసేసినారు. మిగిలిన సగం ఇక్కడ రాస్తా ఉన్నాము. మేము అంటే సాయంత్రం పూట కారు షెడ్డు దగ్గర కూర్చునే రిటైరైన నలుగురం. మేము బడిలో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు పెద్దయినాకే దిద్దినాము. తప్పులుంటే సర్దుకోండి.

విషయం మన పిల్లకాయల రేసు కారు. పాత హోండా సిటీ, వాళ్ల చేతి డబ్బుతో కొనుక్కున్నది. సంఘం తరఫున బానెట్ మీద పెద్ద స్టిక్కరు వేయించినాము, ఫోటోలు తీసుకున్నాము. సంతోషమే. అయితే ఆ కారుకు రెండు జతల చక్రాలు ఉండాయని, వానకు ఇనుప రిమ్ములు, ఎండకు సెకండు హ్యాండులో కొన్న బయటి అలాయ్‌లు అని, రెంటికీ ఒకే జత నట్లు తిప్పతా ఉన్నారని కమిటీలో ఎంత మందికి తెలుసు? మాకూ తెలియదు, చెట్టిపాళయంలో ప్రాక్టీసు రోజు దాకా.

ఆ రోజు మూడో రౌండులో ఎడమ ముందు చక్రం ఊగడం మొదలయింది. బండి నడిపింది మా చెల్లెలి కొడుకు. వాడు భయపడి మెల్లగా లోపలికి తెచ్చేసినాడు, దేవుడి దయ. విప్పి చూస్తే రెండు నట్లు వేళ్లతో తిరిగినాయి, ఒక స్టడ్డు మర చచ్చిపోయింది, అలాయ్‌లో రంధ్రాలు కోడిగుడ్డు మాదిరి సాగినాయి. అందరూ వాణ్ణే తిట్టినారు, సరిగా బిగించలేదని. మేము ఒప్పుకోము. వాడు బిగించినాడు. బిగించిన నట్టే ఆ చక్రానిది కాదు.

హోండా వాళ్ల నట్టు అడుగు గుండ్రంగా ఉంటుంది, గోలీ గుంటలో కూర్చున్నట్టు రిమ్ములో కూర్చుంటుంది. బయట దొరికే అలాయ్‌లలో చాలావాటికి రంధ్రం బొంగరం మాదిరి వాలుగా, అరవై డిగ్రీల కోణంలో ఉంటుంది. గోలీని తీసుకుపోయి బొంగరం గుంటలో పెడితే తాకేది ఒక సన్నని గీత మాత్రమే. రెంచికి గట్టిగానే తగులుతుంది, మనసుకు తృప్తిగానే ఉంటుంది. వేడెక్కి, వంపుల్లో నాలుగు సార్లు నలిగినాక అల్యూమినియం ఆ గీత దగ్గర అణిగిపోతుంది, బిగువు పోతుంది. కొన్ని పాత టయోటా అలాయ్‌లకు నట్టు అడుగు చదునుగా, వాషరుతో ఉంటుంది. అది ఇంకో జాతి.

మా కాలమంతా రైల్వే స్టోర్సులో గుమాస్తా పని. చూడటానికి ఒకటే మాదిరి ఉండే రెండు సామాన్లకు రెండు నంబర్లు, రెండు బిన్ కార్డులు ఎందుకని కొత్తగా వచ్చినప్పుడు మేమూ నవ్వినాము. తప్పు డబ్బాలో వేసిన సామానును ఇంకో ఊళ్లో ఎవరో నమ్మి బిగిస్తారని పెద్ద గుమాస్తా చెప్పినాక నవ్వు ఆగింది.

మర కూడా చూడాలి. హోండా స్టడ్డు పన్నెండు మిల్లీమీటర్లు, మర అడుగు 1.5. మారుతీది అదే పన్నెండు, అడుగు 1.25. ఎక్కడో పోయిన నట్టుకు బదులు ఒక టైరు షాపులో ఇచ్చింది మారుతీ నట్టు. రెండు చుట్లు పోయి పట్టేసి ఉంటుంది, పిల్లకాయలు గన్నుతో తోసేసినారు. చచ్చిపోయిన స్టడ్డు అదే. ఏ నట్టయినా ముందు వేళ్లతో చివరి దాకా పోవాలి, ఆ తరువాతే రెంచి. చుట్లు లెక్క పెట్టండి: పన్నెండు మిల్లీమీటర్ల స్టడ్డుకు కనీసం ఎనిమిది చుట్లు పట్టాలి. చక్రం వెనక స్పేసరు పెట్టినారంటే ఈ లెక్క తగ్గిపోతుంది, అప్పుడు పొడుగు స్టడ్డు వేయాల్సిందే.

నట్టు సరిగా కూర్చుందా అనేది కనిపెట్టే దానికి మేము ఇంట్లో కాటుక డబ్బా తీసుకుపోయినాము. నట్టు అడుగున పూసి, బిగించి, విప్పి చూస్తే రంధ్రంలో వెడల్పాటి నల్ల పట్టీ పడాలి. మాకు పడింది దారమంత గీత. దాన్ని చూసినాక పిల్లకాయలు ఒక్కరూ మాట్లాడలేదు.

ఇప్పుడు కమిటీ సంగతి. కరివర్ధన్‌ను మనం ప్రతి సంవత్సరం వేదిక మీద తలుచుకుంటాము. మారుతీ 800 ఇంజను పెట్టి తక్కువ ఖర్చులో రేసు కారు చేసి ఎందరో కుర్రాళ్లకు దారి చూపించినాడు. 2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌కు పోయినప్పుడు మనమే స్వీట్లు పంచినాము. ఇంత గర్వం ఉన్న సంఘంలో పదహారు నట్లు, ఒక టార్క్ రెంచి అడిగితే వచ్చిన జవాబు ఏమిటి? “నట్టు మీద సంఘం పేరు కనపడదు కదా అన్నా!” అన్నది ఎవరో చెప్పము, ఆయన కూడా ఇది చదువుతారు. స్టిక్కరుకు పెట్టిన డబ్బులో కొంచెం చాలు మాకు.

హోండాకు 108 న్యూటన్ మీటర్లు బిగించాలి, పొడి మర మీద. స్టడ్డుకు నూనె పూసి అదే లెక్కకు బిగిస్తే స్టడ్డు ఎక్కువ సాగుతుంది, ఈ అలవాటు మన మెకానిక్కులు చాలా మందికి ఉంది. అలాయ్ వేసి మొదటిసారి తిప్పినాక, చల్లారనిచ్చి ఇంకోసారి రెంచి పెట్టి చూడాలి. చేతి లెక్క వద్దు. మా చేతులకూ వయసయింది, వాళ్ల చేతులకు తొందర.

అలాయ్‌లకు బొంగరం నట్లు మేము నలుగురం వేసుకుని కొనేసినాము, సాగిపోయిన రిమ్మును పక్కన పారేయించినాము. టార్క్ రెంచి మాత్రం కమిటీ కొనాలి, వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాము. పాత నట్లు కూడా కవరులో తెస్తాము, చేత్తో పట్టుకుని చూడండి. నట్లకు రెండు హార్లిక్స్ సీసాలు పెట్టి, ఏ జత ఏ చక్రానికో చీటీలు అంటించినాము. చీటీలు తమిళంలోనే రాసినాము, తెలుగులో రాస్తే పిల్లకాయలకు చదవడం రాదు. అది ఇంకో ఆదివారం మాట్లాడుకుందాం.