మత్తు ఇంజెక్షన్లు పట్టుబడుతున్నాయి.. మాన్పించే వైద్యుడెక్కడ?

విశాఖపట్నంలో పెంటాజోసిన్ ఇంజెక్షన్లు పట్టుబడిన ఉదంతాలు 2022లో వరుసగా వెలుగుచూశాయి. పశ్చిమ బెంగాల్ నుంచి తెప్పించి యువకులకు విక్రయిస్తున్నట్లు అప్పట్లో వెల్లడైంది. 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరిట ఈగల్ విభాగం, ఔషధ నియంత్రణ అధికారులు కలిసి రాష్ట్రవ్యాప్తంగా మందుల దుకాణాలను తనిఖీ చేశారు. సరఫరాకు అడ్డుకట్ట పడవలసిందే. అయితే అమ్మేవాడు పట్టుబడిన మరునాడు, ఆ సూదికి అలవాటుపడిన వాడు ఎవరి గడప తొక్కాలి? తనిఖీలతో తీరే ప్రశ్న కాదిది.

పెంటాజోసిన్, ట్రమడాల్, కొడైన్ కలిసిన దగ్గు మందు, హెరాయిన్ అన్నీ నల్లమందు జాతికి చెందినవే. వీటికి లోబడిన శరీరం మందు అందకపోతే ఊరుకోదు. ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి చుట్టుముడతాయి. ఆ బాధను తట్టుకోలేకే చాలామంది మళ్లీ అదే మత్తును ఆశ్రయిస్తారు. ‘మనసు గట్టిగా ఉంటే మానలేడా’ అని ఇంట్లోవారు నిందించడం పరిపాటి. ఇది మనసుకు మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది.

ఈ వ్యసనానికి మందు ఉంది. బ్యూప్రినార్ఫిన్ అనే మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. అది మెదడులో నల్లమందు పనిచేసే చోటనే చేరి, తీవ్రమైన మత్తు కలిగించకుండానే ఆ బాధలను, తహతహను అణచివేస్తుంది. దుర్వినియోగాన్ని తగ్గించేందుకు నలోక్సోన్‌తో కలిపి కూడా తయారుచేస్తున్నారు. తొలి మాత్రను పాత మత్తు దిగి బాధలు మొదలైన తరువాతనే ఇవ్వాలి. తొందరపడితే బాధలు ఒక్కసారిగా ముమ్మరిస్తాయి. మోతాదు కుదిరాక నెలల తరబడి, అవసరమైతే ఏళ్ల తరబడి కొనసాగించాలి. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకునేవారిని ఎవరూ వ్యసనపరులనరు. ఈ మాత్ర వేసుకునేవారికి మాత్రం ‘ఒక మత్తు పోయి మరో మత్తు వచ్చింది’ అన్న మాట తప్పడం లేదు. పనికి వెళ్లి, ఇల్లు చూసుకుంటూ బతుకుతున్న మనిషిని సూది కోసం అప్పులు చేస్తున్న మనిషితో ఒకే గాట కట్టడం అన్యాయం.

చిక్కల్లా ఆ మాత్ర దొరికే చోటు గురించే. బ్యూప్రినార్ఫిన్-నలోక్సోన్ మాత్రలను వీధి చివరి మందుల దుకాణంలో అమ్మరు. గుర్తింపు పొందిన వ్యసన విముక్తి కేంద్రాల ద్వారానే ఇవ్వాలి. మాత్ర పక్కదారి పట్టే ప్రమాదం ఉన్నందున ఈ కట్టడిని తప్పుపట్టలేము. కానీ తలుపు ఒక్కటే ఉంచినప్పుడు అది ఎక్కడుందో జనానికి తెలియాలి కదా! సూదులు వాడేవారికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఓఎస్‌టీ కేంద్రాలలో సిబ్బంది ఎదుటనే మాత్ర ఇస్తారు. సూదులు పంచుకోవడం వల్ల సోకే హెచ్‌ఐవీ, హెపటైటిస్-సిలను నివారించడం ఈ కేంద్రాల అసలు ఉద్దేశం. మాత్రలు మింగేవారు, దగ్గు మందు తాగేవారు ఈ లెక్కలోకి రారు.

ఉత్తరాంధ్ర వాసులకు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు తెలిసినదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అయితే విభాగం ఉండటం వేరు, ఈ మాత్ర నిల్వ ఉండటం వేరు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తొలి రోజుల్లో తరచూ వైద్యుడి ఎదుట హాజరుకావలసిన కూలీ ఆ బస్సు ఛార్జీలను, పోయిన కూలిని ఎన్నాళ్లు భరించగలడు? దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేడన్న వాస్తవం దీనికి తోడవుతోంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. నల్లమందు జాతి మత్తుతో సమస్యలు ఎదుర్కొంటూ సాయం అవసరమైనవారు దేశంలో సుమారు 77 లక్షల మంది ఉన్నారని అది అంచనా వేసింది. ఇటువంటివారు అధికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. అదే సమస్యతో సతమతమైన పంజాబ్ 2017లో ప్రభుత్వాసుపత్రులలో అవుట్ పేషెంట్ క్లినిక్‌లు తెరిచి, రోగిని మంచం ఎక్కించకుండానే బ్యూప్రినార్ఫిన్ ఇవ్వడం ప్రారంభించింది. 2020లో కరోనా వేళ మాత్రలను ఇంటికి కూడా ఇచ్చింది. అక్కడా మాత్రలు పక్కదారి పట్టాయన్న ఆరోపణలు వచ్చాయి. వచ్చినా క్లినిక్‌లను మూసివేయలేదు.

ఇక్కడ ఆ ఖాళీని ప్రైవేటు కేంద్రాలు ఆక్రమిస్తున్నాయి. అన్నీ ఒకటే కావు. కానీ మానసిక వైద్యుడు లేకుండా మూడు నెలలు గదిలో ఉంచి పంపేచోట ప్రాణాపాయం పొంచి ఉంటుంది. మానిన కొన్ని వారాలకే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. బయటికి వచ్చి మునుపటి మోతాదే తీసుకుంటే శ్వాస ఆగి మరణించవచ్చు. అందువల్ల చేర్పించే ముందే బంధువులు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందా? చికిత్స రాసే వైద్యుడెవరు, రోజూ వస్తాడా? బ్యూప్రినార్ఫిన్ ఇస్తారా, ఇంటికి వెళ్లాక కూడా కొనసాగిస్తారా? ‘పది రోజుల్లో పూర్తిగా మాన్పిస్తాం’ అనేచోట అడ్వాన్సు కట్టకపోవడమే మేలు.

ఆసుపత్రికి వెళ్తే పోలీసులకు పట్టిస్తారన్న భయం చాలామందిని ఇల్లు కదలనివ్వడం లేదు. మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షన్ ఇందుకు భిన్నంగా ఉంది. మత్తు వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. సమీపంలో చికిత్స ఎక్కడ లభిస్తుందో కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్య సలహాల కోసం టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.