కారు మనది, తాళం కంపెనీదా?



బక్రీద్ మరుసటి రోజు ఎంకపల్లిలో మా ఆపా ఇంటికి వెళ్ళాను. దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, చాయ్ వచ్చింది. అప్పుడు మొదలైంది పంచాయితీ. ఒకపక్క మా దూలాభాయ్, ఇంకోపక్క మా భాంజా. మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. కేసు కారుది.

మా భాంజాకు ఇరవై ఆరేళ్ళు. గచ్చిబౌలిలో నౌకరీ. పైసా పైసా దాచి నిరుడు ఒక టర్బో ఇంజన్ కారు కొన్నాడు. కొన్న మూడో నెలలో నగరంలో ఒకచోట దాని కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్పించాడు. దాన్ని రీమ్యాప్ అంటారట. పికప్ పెరిగింది, పిల్లవాడి మనసు నిండింది. కొన్నాళ్ళకు ఏసీ కంప్రెసర్ పాడైంది. వారంటీ ఉంది కదా అని షోరూముకు తీసుకెళ్తే, వాళ్ళు లాప్‌టాప్ తగిలించి చూసి, "సాఫ్ట్‌వేర్ మార్చారు, ఇక ఈ బండికి వారంటీ లేదు" అన్నారు. ఇంజన్ ప్రోగ్రామ్ మారిస్తే ఏసీ ఎలా పాడవుతుందని అడిగితే జవాబు లేదు. "కంపెనీ పాలసీ" అన్నారు, అంతే. జేబులోంచి యాభై వేలకు పైగా పోయాయి.

"మంచిగైంది" అన్నారు దూలాభాయ్. "ఈ రోడ్డు మీద రేసులు పెడతావా? నీకు ఇదే సజా."

"కారు నాది కదా మామూ! నేనేం కిరాయికి తెచ్చుకోలేదు. నా కారులో నేను ఏం మార్చుకున్నా వాళ్ళకెందుకు?" అని భాంజా నా వైపు తిరిగాడు.

ఆ రోజు ఇద్దరికీ సర్దిచెప్పి వచ్చేశాను. కానీ మాట మనసులోనే ఉండిపోయింది. ఎందుకంటే నేను మెకానిక్ కొడుకుని. బడి నుంచి రాగానే బస్తా పక్కన పడేసి, మా అబ్బాకు పానాలు అందించేవాణ్ణి. ఆ షెడ్డులో పెట్రోల్ అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం నా కళ్ళతో చూశాను. టాక్సీవాళ్ళ మజ్బూరీ అది, పెట్రోల్ ఖర్చు భరించలేక వచ్చేవాళ్ళు. ఇంజన్ మార్చాక ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఆర్‌సీలో రాయించుకునేవారు. పోలియో వచ్చిన మా చాచా స్కూటర్‌కు వెనక రెండు అదనపు చక్రాలు బిగించింది కూడా ఆ షెడ్డులోనే. ఆ స్కూటర్ మీదే చాచా ముప్పై ఏళ్ళు నౌకరీ చేశారు. కంపెనీ తయారుచేసిన బండిని తాకకూడదని అప్పుడు ఎవరైనా అని ఉంటే, ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదో!

అయితే దూలాభాయ్ మాటలోనూ నిజం ఉంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఆ రోడ్డు మీకు తెలుసు. రెండు వైపులా మర్రి చెట్లు, మధ్యలో ఇరుకు దారి, కూరగాయల బండ్లు, కంకర లారీలు. ఆదివారం ఫజర్ నమాజు అయ్యేసరికి నగరం నుంచి వచ్చే కార్లు, బైకుల మోత మొదలవుతుంది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికీ మార్పులు చేసిన కార్లకూ సంబంధం లేదు. కానీ ఆ రోడ్డు ఎంత కచ్చిగా ఉందో, అక్కడ షౌఖ్ తీర్చుకోవడానికి చోటు ఎంత లేదో ఆ పొద్దున అందరికీ తెలిసింది. తండ్రికి భయం ఉండదా?

కాబట్టి రెండు విషయాలను విడదీసి చూడాలి. రోడ్డు మీద పక్కవాడి ప్రాణం ఒక విషయం. కొన్న వస్తువు మీద మన మిల్కియత్ మరో విషయం. కంపెనీలు ఈ రెండింటినీ కలిపేసి, మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని లాక్కుంటున్నాయని నా అభిప్రాయం.

మొదటిదానికి ఖానూన్ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీ వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి శిక్ష కూడా పెట్టారు: చట్టానికి విరుద్ధంగా బండి మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ. చెవులు పగిలే సైలెన్సర్ పెట్టుకుని రాత్రి గల్లీలో తిరిగేవాడి పక్షాన నేను మాట్లాడను. పక్కింట్లో బీమార్ ఉంటారు, పసిపిల్లలు ఉంటారు. వాళ్ళ నిద్ర కూడా హక్కే.

ఇక రెండోది, వారంటీ. ఇక్కడ కంపెనీ తానే ముద్దయి, తానే వకీల్, తానే ఖాజీ. బండిలో కంప్యూటర్ దానిది, దాన్ని చదివే యంత్రం దానిది, తీర్పు కూడా దానిదే.

కంపెనీ వాదన పూర్తిగా అబద్ధం కాదు. టర్బో ఇంజన్‌లో రీమ్యాప్ చేస్తే గాలి ఒత్తిడి, ఇంధనం, స్పార్క్ సమయం మారతాయి. వేడి పెరుగుతుంది. క్లచ్, గేర్‌బాక్స్ తట్టుకునే బలానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటించి గేర్‌బాక్స్ పగలగొట్టుకుని, కొత్తది ముఫ్త్‌గా ఇవ్వమనడం ఇన్సాఫ్ కాదు. ఇది మా భాంజాకూ చెప్పాను. కానీ ఏసీకి, కిటికీ మోటారుకు, సీటు బెల్టుకు కూడా అదే సాకు చెబితే అది జుల్మ్. దావా చేసినవాడే సుబూత్ చూపాలని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. "నీ మార్పు వల్లే ఈ పార్టు పాడైంది" అనేది కంపెనీ దావా. కాబట్టి సుబూత్ కంపెనీయే చూపాలి.

ఇది నా ఒక్కడి ఖయాల్ అనుకోకండి. అమెరికాలో 1975లోనే మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం వచ్చింది. మా పార్టే కొని వాడాలి, లేకపోతే వారంటీ పోతుంది అని షరతు పెట్టడానికి ఆ చట్టం ఒప్పుకోదు. మన దేశంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతి, టాటా, మహీంద్రా సహా 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, బండి లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదన్నది ఇల్జామ్. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని కూడా కమిషన్ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి.

ఇంకో మాట. తాళం వేసేది భద్రత కోసమేనా? జపాన్‌లో నిస్సాన్ కంపెనీ 2007లో జీటీ–ఆర్ కారు తెచ్చినప్పుడు, మామూలు రోడ్డు మీద గంటకు 180 కిలోమీటర్లు దాటకుండా ఆపింది. జీపీఎస్‌తో రేసు ట్రాక్‌ను గుర్తుపడితేనే ఆ హద్దు తీసేసుకోవచ్చు. ఆ తాళంలో ఒక తర్కం ఉంది: రోడ్డు మీద వద్దు, ట్రాక్ మీద సరే. కానీ 2022లో అమెరికాలో మెర్సిడెస్ కంపెనీ తన ఎలక్ట్రిక్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే పికప్ పెంచుతామని చెప్పింది. మోటారు అదే, కారు అదే. పైసలు కడితే తాళం తెరుచుకుంటుంది. యజమాని తెరిస్తే తప్పు, కంపెనీ తెరిస్తే వ్యాపారం. ఇల్లు అమ్మి, ఒక గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని, ఏటా కిరాయి అడిగేవాణ్ణి మనం ఏమంటాం?

ఈ తాళం పెద్ద కార్లవాళ్ళ గొడవ అనుకుంటే పొరపాటు. పర్ఫార్మెన్స్ కార్లకు ఈరోజు వేసిన తాళం రేపు ఆటోకు, ట్రాక్టర్‌కు, స్కూటర్‌కు వస్తుంది. అప్పుడు నష్టపోయేది మన గల్లీల్లోని ఉస్తాద్‌లు. డిగ్రీ లేకున్నా చేతిలో హునర్‌తో రోజీ సంపాదించుకున్నవాళ్ళు మన బిరాదరీలో ఎంతమంది! శాగిర్ద్‌గా చేరి, చెవితో ఇంజన్ జబ్బు చెప్పే స్థాయికి ఎదిగినవాళ్ళు. ఆ బోనెట్ కింద కంపెనీ లాప్‌టాప్‌కు తప్ప ఇంకెవరికీ తెరుచుకోని పెట్టె ఉంటే, వాళ్ళ హునర్ ఏం చేయాలి?

దారి మన ఖానూన్‌లోనే సగం ఉంది. 2019 సవరణ సెక్షన్ 52కు ఒక మంచి మాట చేర్చింది: కేంద్రం ప్రమాణాలు నిర్ణయించి అనుమతించిన మార్పులు చేయించుకుంటే, ఆ మార్పుల పేరుతో కంపెనీ వారంటీ రద్దయినట్టు కాదు. దివ్యాంగుల కోసం బండి మార్పించుకోవడానికీ ఆ సెక్షన్‌లో చోటు ఉంది. మా చాచా ఉంటే సంతోషించేవారు. మిగతా సగం ప్రభుత్వం చేయాలి. ఏ మార్పులు సురక్షితమో తేల్చి జాబితా ఇవ్వాలి. పొగ, శబ్దం, బ్రేకులు పరీక్షించి పాస్ చేయాలి. ఆ తర్వాత కంపెనీ నోరు మెదపకూడదు.

అప్పటిదాకా పిల్లల తల్లిదండ్రులకు నా సలహా. కారు కొనేముందు వారంటీ కాగితం చదవండి. ఏ మార్పుకు ఏ పార్టు వారంటీ పోతుందో రాతపూర్వకంగా అడగండి. మార్పు చేయిస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి, దాస్తే రేపు క్లెయిమ్ ఆగిపోవచ్చు. షోరూము నోటిమాటతో కాదంటే, కారణం రాసివ్వమనండి. ఆ కాగితంతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు.

మా భాంజాకు కూడా అదే చెప్పాను. షోరూముకు ఉత్తరం రాయడానికి ఇద్దరం కూర్చున్నాం. రాసేముందు నేనొక షర్త్ పెట్టాను. ఏసీ పైసల కోసం నీ వెంట కమిషన్ దాకా వస్తాను, కానీ చేవెళ్ల రోడ్డు మీద పందెం కట్టావని తెలిస్తే నీ తండ్రి పక్కన నిలబడతాను. వాడు కాసేపు ఊరుకుని, "ఠీక్ హై మామూ" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న దూలాభాయ్ లోపలికి వచ్చి ఉత్తరంలో తేదీ సరిచేశారు.

ఖుదా హాఫిజ్.